పొగచూరిన గోడ మీద లాటిన్ అక్షరాలు

రక్తపరీక్ష రిపోర్టు చేతిలో పట్టుకుని బెజవాడలో ఒక ల్యాబు బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఈ వయసులో మనకి ఇలాంటి కాగితాలు తప్ప ఎవరూ ఏమీ రాయరు. లోపలున్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది, సోడియం కాస్త తగ్గిందండీ, పొటాషియం బాగానే ఉంది, డాక్టరుగారికి చూపించండి అని. కళ్ళజోడు సర్దుకుని చూశాను. సోడియం పక్కన Na అనీ, పొటాషియం పక్కన K అనీ అచ్చువేసి ఉంది. సోడియంలో ఎన్ ఎక్కడుందమ్మా, పొటాషియంలో కె ఎక్కడుందమ్మా అని ఆ పిల్లని అడగాలనిపించింది. అడగలేదు. అడిగితే, మీకు తెలుసా అని తిరిగి అడుగుతుంది, అప్పుడు నేను చెప్పాల్సి వస్తుంది.

"నాట్రియం, కాలియం" అని లోపల్లోపల అనుకున్నాననుకున్నాను గానీ పైకే అన్నట్టున్నాను. పక్క కుర్చీలో పెద్దమనిషి, ముసలామె ఏదో జపం చేసుకుంటోందని కాబోలు, చెప్పులు తీసి కుర్చీ కిందకి నెట్టుకున్నాడు.

ఆ పేర్లు నాకు బళ్ళో రాలేదు. అమ్మమ్మ వంటింట్లో వచ్చాయి. నేర్పిన మనిషి ఆ ఎండాకాలంలోనే పోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండలేదు, దాని గురించే ఈ గోల.

అప్పట్లో మేము ఇబ్రహీంపట్నంలో ఉండేవాళ్ళం. నాన్నకి థర్మల్ స్టేషన్‌లో ఉద్యోగం. ఆరేసిన బట్టల మీద సన్నటి బూడిద రాలుతుండేది, అమ్మ రోజూ తిట్టుకుంటూ దులుపుకునేది. బడికి సెలవులివ్వగానే నన్ను అమ్మమ్మ ఊరికి పంపేవారు. బెజవాడలో బస్సు మారి, ఉయ్యూరు చేరేసరికి చెరకు ఫ్యాక్టరీ వైపునుంచి పులిసిన బెల్లం వాసన గుప్పుమనేది. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకునేది. నేను ఇంకా గట్టిగా పీల్చేదాన్ని. ఆ వాసన దాటితే ఇంకాసేపట్లో దిగిపోవటమే.

తాతయ్యది నేత పని. ముందు హాల్లో రెండు మగ్గాలు, వాకిట్లో దండేల మీద రంగులద్దిన నూలు చిలపలు, ఇల్లంతా గంజి వాసన. వెనక వంటిల్లు. కట్టెల పొయ్యి కావటంతో దాని పైగోడ ఏళ్ళ తరబడి పొగచూరి, బళ్ళో నల్లబల్లకంటే నల్లగా, నున్నగా ఉండేది. అమ్మమ్మకి దాన్ని చూస్తే సిగ్గు, ప్రతి పండక్కీ సున్నం వేయించమని తాతయ్యని సతాయించేది. మావయ్య మాత్రం ఆ గోడని చూసి మురిసిపోయేవాడు.

మావయ్య మా అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. మా వీధిలో మగ్గం గుంటలో కాలు పెట్టని మొదటి మగాడు. కెమిస్ట్రీ చదివి బెజవాడలో ఇంటర్ పిల్లలకి పాఠాలు చెప్పేవాడు. అక్కడే గదిలో ఉండి ఆదివారాలూ ఎండాకాలమూ ఇంటికొచ్చేవాడు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో ఆలస్యమైనట్టు నడిచేవాడు. మంచివాడే గానీ ఒక జబ్బు ఉండేది, తప్పు కనబడితే ఊరుకోలేడు. ఒకసారి హనుమాన్ జంక్షన్‌లో బస్సు ఆగితే, హోటలు గోడమీద గడియారం పావుగంట వెనక నడుస్తోందని చెప్పటానికి దిగి, ఇటు బస్సు పోగొట్టుకున్నాడు. పెళ్ళిలో పురోహితుడు మంత్రంలో ఒక ముక్క మింగేస్తే పీటల దాకా వెళ్ళి చెప్పొచ్చాడు. వీడితో పెళ్ళికెళ్తే మనకి బంతిలో చోటు దొరకదు అని తాతయ్య వాపోయేవాడు. దిద్దందే వీడికి తిన్నది అరగదు అని అమ్మమ్మ నవ్వేది.

ఆ ఏడు నేను వెళ్ళేసరికి వంటింటి గోడమీద సుద్దముక్కతో ఏవేవో ఇంగ్లీషు అక్షరాలు. ఉప్పు జాడీ ఉండే చోట పైన Na. అట్లకాడ తగిలించే మేకు పక్కన Fe. రాగి బిందె పైన Cu. తగరంతో కళాయి పెట్టించిన ఇత్తడి గిన్నెల దగ్గర Sn. అమ్మమ్మ వెండి కుంకుమభరిణె ఉండే గూటి పక్కన Ag. దాని పక్కనే మేకుకి అమ్మమ్మ నిద్రపోయేముందు తీసి తగిలించే బంగారు గొలుసు, అక్కడ Au. గిన్నెలు తోముకోటానికి పొయ్యిలోంచి తీసిన బూడిద పోసే తట్ట పైన, పెద్దగా, ఒక్కటే అక్షరం, K.

మావయ్య చెప్పింది ఇదీ. ప్రతి లోహానికీ ఒక పిలుపు పేరు ఉంటుంది, ఒక పాత పేరు ఉంటుంది. పిలుపు పేరు దేశానికొకటి, మనం ఇనుము అంటే ఇంకొకరు ఐరన్ అంటారు. పాత పేరు ఫెర్రం. అది లాటిన్ మాట. ఆ భాషని అమ్మ ఒళ్ళో నేర్చుకున్నవాళ్ళు ఇప్పుడు భూమ్మీద ఒక్కరు కూడా లేరు. కానీ ఇనుము ఎక్కడున్నా, ఏ దేశపు పుస్తకంలో రాసినా, వాళ్ళు పెట్టిన పేరులోంచే రెండక్షరాలు తీసి రాస్తారు. రాగి కుప్రం, అది దొరికిన ఒక ద్వీపం పేరు మీద. వెండి అర్జెంటం, తళతళలాడేది. బంగారం ఆరం, తెల్లవారేముందు ఆకాశానికి వచ్చే రంగు. సీసం ప్లంబం, ఆ కాలంలో నీటిగొట్టాలు సీసంతో చేసేవారు గనక గొట్టాలు బాగుచేసేవాడు ప్లంబర్ అయ్యాడట. మా ఇంట్లో సీసం లేదని కాలవలో చేపలు పట్టే ఆయన్ని అడిగి వల గుండు ఒకటి తెచ్చి గూట్లో పెట్టాడు.

బూడిద కథ నాకు బాగా ఇష్టం. చెట్లూ చేమలూ కాల్చిన బూడిదని అరబ్బు దేశాల్లో ఏదో అనేవారట, ఆ మాటని లాటిన్‌లోకి తీసుకుని కాలియం అన్నారు. తాతయ్య నూలు ఉడకేసే బూడిద తేటలో ఉండేదీ అదే. ఆ మాట విని తాతయ్య, నాకు తెలియకుండా నేనూ కెమిస్ట్రీ మాస్టర్నేనా అన్నాడు.

పేచీ ఉప్పు దగ్గర వచ్చింది. నాట్రియం అన్న పేరు ఈజిప్టు నుంచి వచ్చింది, అక్కడ ఎడారి చెరువుల ఒడ్డున దొరికే తెల్లటి ఉప్పులాంటి దాన్ని నాట్రాన్ అనేవారు, చచ్చిపోయిన రాజుల్ని అందులో పూడ్చిపెట్టి పాడవకుండా ఉంచేవారు అని మావయ్య నాకు చెబుతున్నాడు. అమ్మమ్మ చేపముక్కలకి ఉప్పు పట్టిస్తూ విన్నది. చెయ్యి ఆగిపోయింది.

"చచ్చిపోయినవాళ్ళ భాష, చచ్చిపోయినవాళ్ళకి పూసే ఉప్పూ. అవి తెచ్చి నా పొయ్యి పైన రాస్తావురా?"

"వాళ్ళు పోయి ఎన్ని వందల ఏళ్ళయిందమ్మా. అయినా చూడు, ఉప్పున్న చోటల్లా వాళ్ళ సంతకం ఉంది. పోయినా పోలేదన్నమాట."

"అదే వద్దంటున్నా. పోయినవాళ్ళు పోవాలి. ఇంట్లో తిరక్కూడదు" అంది అమ్మమ్మ. లేచి తుడిచేస్తుందనుకున్నాను. తుడవలేదు, కొడుకు చేతిరాత కదా.

తర్వాత అది ఆటయింది. నేను స్నానం చేసొచ్చేసరికి మావయ్య ఏవో రెండు మూడు అక్షరాలు చెరిపి అటూ ఇటూ మార్చేసేవాడు. నేను తప్పులు పట్టుకుని దిద్దాలి. పడితే నీళ్ళబకెట్లో నానేసిన చిన్నరసం మామిడిపండు ఒకటి ఎక్కువ. పట్టలేకపోతే "ఏమే కోడలా, ఇనుముతో భరిణె చేయించావా?" అని రోజంతా ఏడిపించేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఒకరోజు తాతయ్య బోడిగుండు మీద, ఆయన మగ్గం మీదే కునుకు తీస్తుంటే, సుద్దముక్కతో Cu అని రాశాను. ఎండలో రాగి చెంబులా మెరుస్తోందని నా ఉద్దేశం. దానికి మాత్రం మావయ్య నన్ను దిద్దలేదు.

అమ్మమ్మకి చదువు రాదు, తెలుగు రాతే రాదు. కానీ ఆమె ముగ్గుల చెయ్యి మా వీధిలో పేరున్న చెయ్యి. అక్షరాల్ని ఆమె ముగ్గుల్లాగే చూసేది. A అంటే గుడారం. F అంటే దువ్వెన. K అంటే నిట్రాడకి రెండు ఊతకర్రలు. u అంటే గిన్నె. మీ మావయ్య ఇవాళ గుడారమూ గిన్నే ఎక్కడ పెట్టాడే అని అడిగేది నన్ను. చూస్తూ చూస్తూనే ఆ ఆకారాలన్నీ ఆమె వేళ్ళకి పట్టేశాయని మాకు తెలీదు.

ఆవకాయ పెట్టే రోజుల్లో మావయ్య పరీక్ష పేపర్లు దిద్దటానికి బెజవాడ వెళ్ళాడు. ఆ ఊళ్ళో ఆ నెలలో ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? కొండరాయి కాలి, రాత్రికి కూడా వేడి వదలదు. మొత్తం పేపర్లన్నీ అయిపోయాకే వస్తానన్నవాడు ఒక మధ్యాహ్నం మధ్యలోనే బస్సు దిగి, ఎర్రబడిన మొహంతో, చొక్కా మీద చెమటచుక్క లేకుండా వచ్చాడు. వడదెబ్బ. మజ్జిగ పట్టారు, ఉల్లిపాయలు దంచి అరికాళ్ళకి రుద్దారు, తాతయ్య మగ్గం మీది కొత్త బట్ట కోసి తడిపి ఒళ్ళంతా చుట్టాడు. నన్ను పెట్టెలోంచి థర్మామీటరు తెమ్మన్నారు.

మావయ్య కళ్ళు తెరవకుండానే అడిగాడు, హైడ్రార్జిరం ఎందాకా ఎక్కిందే అని. హైడ్రార్జిరం అంటే పాదరసం, నీళ్ళలాంటి వెండి. దాన్ని నాకు ఆ పేరుతోనే నేర్పాడు. చూసి చెప్పాను.

"తప్పు చదివుంటావు. మళ్ళీ చూడు" అన్నాడు.

మళ్ళీ చూశాను. తప్పు చదవలేదు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. కారు మాట్లాడి బెజవాడ తీసుకెళ్ళారు, మర్నాడు సాయంత్రం తీసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఆ రోజు ఆవకాయ తిరగకలపాల్సిన రోజు. ఎవరికీ గుర్తులేదు. జాడీ మూతమీది గుడ్డ తియ్యకపోయినా ఆవఘాటు ఇల్లంతా తిరుగుతూనే ఉంది. ఇప్పటికీ కొత్తావకాయ వాసన తగిలితే నాకు నోట్లో నీళ్ళూరవు.

ఆడపిల్లని కాబట్టి నన్ను ఎటూ తీసుకెళ్ళలేదు. కానీ అస్థికల కుండని ఇంట్లోకి తేకూడదని పెరటి అవతల తుమ్మచెట్టు కొమ్మకి కట్టారు, కృష్ణలో కలిపేదాకా. వంటింటి కిటికీలోంచి కనిపించేది. దాన్ని చూసినప్పుడల్లా నా బుర్రలో ఒకటే అక్షరం, బూడిద తట్ట పైది, తిరిగేది. వద్దనుకున్నా తిరిగేది. దానాల రోజు పురోహితుడు ఉప్పు అన్నాడు, ఇనుము అన్నాడు, బంగారం అన్నాడు. ఒక్కొక్కటే తాతయ్య చేత ఇప్పిస్తున్నాడు. స్తంభం వెనక నిలబడి నేను ఒక్కొక్కదానికీ పాత పేరు చెప్పుకున్నాను, నాట్రియం, ఫెర్రం, ఆరం. ఎవరో ఒకరు మావయ్యకి అర్థమయ్యే భాషలో చెప్పాలనిపించింది.

శుద్ధి రోజు వీధిలో ఆడవాళ్ళు వచ్చి ఇల్లు కడిగారు. మట్టికుండలు పారేశారు. రాగీ ఇత్తడీ చింతపండుతో తోమి బోర్లించారు. వంటింటి గోడని చెయ్యి అందినంత మేర తడిగుడ్డతో తుడిచేశారు. నేను వద్దని చెప్పేలోపే అయిపోయింది. తడి ఆరాక గోడ ఎప్పటిలాగే నల్లగా ఉంది, అక్షరాలు మాత్రం లేవు.

బడి తెరిచేదాకా అమ్మమ్మకి తోడుగా ఉండమని నన్ను అక్కడే వదిలి అమ్మ వెళ్ళింది. తోడు ఎవరికి ఎవరో. తాతయ్య మగ్గాల మీద దుప్పటి కప్పేశాడు. ఆ చప్పుడు లేకపోయేసరికి ఆ ఇల్లు నాకు కొత్త ఇల్లయిపోయింది. ఏడాది తిరిగేదాకా వాకిట్లో ముగ్గు వెయ్యకూడదు. రోజూ పొద్దున్నే వీధంతా ముగ్గులు పెట్టుకుంటుంటే అమ్మమ్మ గడప లోపల నిలబడి చూసేది. ఆమె కుడిచేతి వేళ్ళు బొటనవేలితో కలిసి ఒకటే కదులుతుండేవి, పిండి రాల్చినట్టు. ఏం తింటున్నదో, తింటున్నదో లేదో ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

అట్లా ఉండగా ఒక పొద్దున పళ్ళపొడి కోసం వంటింట్లోకి వెళ్ళాను. ఉప్పు జాడీ పైన గోడమీద తెల్లగా Fe.

ఒళ్ళు జల్లుమంది. అక్షరం ఉన్నందుకు కాదు, తప్పుగా ఉన్నందుకు. ఉప్పుకి ఇనుము పేరు పెట్టి నన్ను చూసి నవ్వేవాడు ఈ ఇంట్లో ఒక్కడే. పారిపోదామనిపించింది. భయపడ్డానా, సంతోషించానా అంటే రెండూ, ఏది ఎంతో చెప్పలేను. గూట్లో మావయ్య సుద్దముక్కల డబ్బా అలాగే ఉంది. ఒకటి తీసుకుని, పైటగుడ్డ లేని వయసు కదా, గౌను అంచుతో Fe తుడిచి Na అని దిద్దాను. ఆ రోజు నా వాటా మామిడిపండులో సగం ఆ గోడ గూట్లో పెట్టాను. సాయంత్రానికి చీమలు పట్టాయి. చీమలు పట్టినందుకు కూడా ఏదో అర్థం వెతుక్కున్నాను.

మర్నాడు రాగిబిందె పైన K. ఆ మర్నాడు అట్లకాడ పక్కన గుడారమూ గిన్నే, అంటే Au. ఒక్కొక్కరోజు ఏమీ ఉండేది కాదు, ఆ రోజు నాకు అన్నం సయించేది కాదు. ఉన్న రోజు ఎవరూ లేనప్పుడు చూసి దిద్దేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు. చెబితే భూతవైద్యుణ్ణి పిలుస్తారని భయం. పోయినవాళ్ళు ఇంట్లో తిరక్కూడదన్న అమ్మమ్మ మాట నేను మర్చిపోలేదు. వెళ్ళగొట్టేస్తారు, మళ్ళీ రాడు. నా భయమంతా అదే.

అమ్మమ్మలో కూడా ఏదో మార్పు వచ్చింది. తల దువ్వుకుంది. ఒక రోజు చింతచిగురు పప్పు వండి తనే ముందు కూర్చుని తిన్నది. తాతయ్య నా వైపు చూశాడు, నేను ఆయన వైపు చూశాను.

ఒక మధ్యాహ్నం, అందరూ కునుకు తీసే వేళ, దాహమేసి వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను. అమ్మమ్మ గోడ దగ్గర నిలబడి ఉంది. చేతిలో సుద్దముక్క. పెదాలు కదుపుతూ, గుడారం, గిన్నె అనుకుంటూ, ముగ్గు గీత లాగినట్టు ఒకే ఊపులో గీస్తోంది. రాగి బిందె పైన. గీయటం అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంది. తర్వాత గోడకి చెయ్యి ఆనించి మెల్లిగా అన్నది.

"నాకు ఏది ఎక్కడో తెలీదు నాయనా. నిన్నట్లాగే వచ్చి దిద్ది పో."

నీళ్ళు తాగకుండానే వెనక్కి వచ్చి చాప మీద పడుకున్నాను. తప్పులు పెట్టేది మావయ్య అని నేననుకుంటున్నాను. తప్పులు దిద్దేది మావయ్య అని ఆమె అనుకుంటోంది. చదువు రాని మనిషి, వేళ్ళకి గుర్తున్న ఆకారాల్ని తోచిన చోటల్లా పెడుతోంది. మర్నాటికి అవి మారి ఉంటున్నాయి. ఇన్నాళ్ళూ ఒకరి రాత చూసి ఒకరం ఆయనే వచ్చాడనుకుంటున్నాం. ఆ ఇంట్లోకి మావయ్య రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. నాకు ఆయన ఆ మధ్యాహ్నమే పోయాడు, అప్పటిదాకా పోలేదు.

ఏడవటానికి లేదు. ఏడిస్తే ఎందుకని అడుగుతారు. సాయంత్రం లేచి, రాగి బిందె పైన Au చెరిపి Cu అని దిద్దాను. పొద్దున అమ్మమ్మ అది చూసి కొంగుతో కళ్ళొత్తుకుని, పొయ్యిమీద పాలు ఒక గ్లాసుడు ఎక్కువ పెట్టింది. అట్లా కొన్నాళ్ళు నేనే మావయ్యనయ్యాను.

బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. నాన్న వచ్చి తీసుకెళ్తానని కబురు చేశాడు. అప్పుడు మొదలైంది నాకు అసలు బెంగ. నేను వెళ్ళిపోతే ఎవరు దిద్దుతారు? తాతయ్యకి ఇంగ్లీషు అక్షరాలు రావు. అమ్మమ్మ తప్పులు పెడుతూనే ఉంటుంది, అవి తప్పులుగానే ఉండిపోతాయి. కొడుకు మళ్ళీ రావటం మానేశాడనుకుంటుంది. ఒకసారి పోయినవాడికే అన్నం మానేసింది, రెండోసారి పోతే? చెప్పకుండా వెళ్ళటమా, చెప్పి వెళ్ళటమా అని ఆ వయసుకి మించిన ఆలోచన చేశాను. కడుపునొప్పి అని చెప్పి ప్రయాణం ఆపుదామని కూడా చూశాను గానీ తాతయ్య వాము నీళ్ళు తాగించి తగ్గించేశాడు.

వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం చెప్పేశాను. ఆమె ఎండబెట్టిన వడియాలు తిరగేస్తోంది.

"అమ్మమ్మా, గోడమీదవి దిద్దేది మావయ్య కాదు. నేను."

ఆమె చెయ్యి ఆగలేదు. వరస పూర్తిగా తిరగేసింది. తర్వాత, మరి నువ్వు ఎవరనుకుని దిద్దావే అని అడిగింది. తప్పులు పెట్టేది మావయ్య అనుకున్నానని చెప్పాను. అమ్మమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో మారిపోయింది. నన్ను దగ్గరికి లాక్కుని, ఆ వడియాల మీదే ఇద్దరం పడి ఏడ్చాం. ఆమె ఒంటికి మినప్పిండి వాసన, ఇంగువ వాసన. అన్ని రోజుల్లో మేము కలిసి ఏడ్చింది అదొక్కసారే.

తర్వాత మొహం కడుక్కుని వంటింట్లోకి నడిచింది. నేను వెనక వెళ్ళాను. తడిగుడ్డతో గోడంతా తనే తుడిచింది, ఒక్క అక్షరం మిగల్చకుండా. సుద్దముక్క తీసుకుని బూడిద తట్ట పైన, పెద్దగా, లోతుగా నొక్కి, గుడారమూ గిన్నే గీసింది.

"ఇది తప్పే కదా?" అని అడిగింది.

తప్పే. బూడిదకి బంగారం పేరు. అవునన్నాను.

"అయితే ఉండనీ. నువ్వు ముట్టుకోకు, ఎవ్వర్నీ ముట్టుకోనివ్వను. తప్పు కనబడితే వాడు ఊరుకోలేడు. ఎక్కడున్నా దిద్దటానికి వస్తాడు."

ఆ మాటలో పిచ్చి లేదు. పొయ్యిమీద ఎసరు పెట్టాను, మరుగుతుంది అన్నంత మామూలుగా చెప్పింది.

ఆ తర్వాత నా చదువూ పెళ్ళీ పిల్లలూ అన్నీ జరిగాయి. తాతయ్య పోయాడు. నాన్న రిటైరయ్యాక అమ్మా ఆయనా ఆ ఇంటికే వచ్చేశారు. మగ్గాలు పోయాయి, గ్యాసు పొయ్యి వచ్చింది, వంటింట్లో మూడు గోడలకి రంగులు వేశారు. నాలుగోది వెయ్యనివ్వలేదు అమ్మమ్మ. బూడిదతో గిన్నెలు తోమటం పోయినా ఆ తట్టని తియ్యనివ్వలేదు. అక్షరం మసకబారితే మళ్ళీ తనే దిద్దేది, తప్పు తప్పుగానే. నేను వెళ్ళినప్పుడల్లా, కాళ్ళు కడుక్కోకముందే అడిగేది, మారిందేమో చూసిరా అని. వెళ్ళి చూసేదాన్ని. లేదమ్మమ్మా అనేదాన్ని. సరేలే, వాడికి ఏం పనులున్నాయో అనేది.

అమ్మ దాన్ని ముసలితనం అనేది. నేను మాత్రం, ముప్ఫయి దాటిన మనిషిని, ఇద్దరు పిల్లల తల్లిని, ప్రతిసారీ ఆ వంటింటి గుమ్మం దగ్గర ఆగి, తల మాత్రం లోపలికి పెట్టి ముందు గోడ చూసేదాన్ని. మారి ఉంటుందేమోనని భయం, మారలేదని చూశాక బాధ. మావయ్య రాడని నాకు తెలుసు. తెలిసినదాన్ని ఎందుకు భయపడేదాన్నో ఆ గోడనే అడగాలి.

ఆఖరిసారి వెళ్ళినప్పుడు ఆమె మంచంలో ఉంది. చూపు పూర్తిగా పోయింది. చెవి దగ్గర నోరు పెట్టి చెబితే గానీ ఆమెకి వినపడటంలేదు. నన్ను గుర్తుపట్టిందో లేదో గానీ అదే మాట, మారిందేమో చూసిరా. అమ్మ పెరట్లో ఉంది. నేను వంటింట్లోకి వెళ్ళాను. గోడమీద అక్షరాన్ని చాలాసేపు చూశాను. ఆమె కళ్ళు పోయాక దిద్దేవాళ్ళు లేక అది సగం చెరిగిపోయింది. ఇంకొన్నాళ్ళు పోతే తప్పు కూడా మిగలదు. ఇన్నేళ్ళు ఆమె ఒట్టు లాగా కాపాడుకున్నదాన్ని ముట్టుకోవటానికి నాకేం హక్కు అనుకున్నాను. మరి లేదమ్మమ్మా అని చెప్పి ఆమెని అట్లాగే పంపటానికి మాత్రం నాకేం హక్కు? అరచేత్తో తుడిచేశాను. నాతో వచ్చిన పిల్లల బడిసంచిలోంచి సుద్దముక్క తీసుకుని, నిట్రాడా రెండు ఊతకర్రలూ, K అని రాశాను.

వచ్చి ఆమె చెవిలో చెప్పాను, మారిందమ్మమ్మా అని.

ఆమె చెయ్యి దుప్పటి మీద తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు ఒక్కొక్కటే నిమిరింది. నా వేళ్ళకి సుద్ద అంటుకుని ఉంది, కడుక్కోవాలని తట్టలేదు. బొటనవేలితో ఆ పొడిని రుద్ది చూసుకుంది. మొహం విప్పారింది. ఆ మొహం నేను చిన్నప్పుడు చూసిందే, ఆదివారాలు బెజవాడ బస్సు వచ్చే వేళకి గడపలో నిలబడినప్పటిది.

"ఇన్నాళ్ళు పట్టిందేంరా నాయనా" అంది.

నేను కాదు అనలేకపోయాను. చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయాను. ఊఁ అన్నాను.

"అన్నం తిన్నావా?"

"తిన్నానమ్మా" అన్నాను. అమ్మమ్మా అనలేదు. నా గొంతు నాకే తెలియలేదు, ఆమె మాత్రం తలాడించి, నా వేళ్ళు పట్టుకునే పొద్దుగూకేదాకా నిద్రపోయింది.